బైక్‌కి సరైన గాలి మీటరు ఎలా కొనాలి, కొన్నది నిజం చెప్తోందో లేదో ఇంట్లో ఎలా తేల్చుకోవాలి

రెండేళ్ల కింద వానాకాలంలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం బండి మీద బయల్దేరా. ముందు రోజు సాయంత్రం గల్లీ చివర పంచర్ షాపులో ముందు పాతిక, వెనక ముప్పై అని చెప్పి గాలి కొట్టించుకున్నా, ముల్లు ముప్పై దగ్గర ఆగడం నా కళ్లతో నేనే చూశా. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక రోడ్డంతా తడి, చిన్న గతుకొచ్చినా బండి ఎగిరెగిరి పడుతోంది, ఘాట్‌లో రెండు మలుపుల దగ్గర వెనక చక్రం పక్కకి జారినట్టయ్యి గుండె ఝల్లుమంది. చాయ్ తాగడానికి ఆగిన చోట ఇంకో రైడర్ అన్న దగ్గర మీటరుంటే పెట్టి చూశాం, వెనక 39 ఉంది. నడిచిన టైరు కాబట్టి వేడికి ఓ మూడు ఎక్కువ చూపించిందనుకున్నా, చల్లగా 36 దాకా ఉన్నట్టే కదా. పాపం షాపతని తప్పేం లేదు, ఆయన మీటరు ఎన్నిసార్లు కింద పడిందో, ఎన్నేళ్ల నుంచి వాడుతున్నాడో.

అప్పట్నుంచి నాకిదో పిచ్చి పట్టుకుంది. నాలుగు మీటర్లు కొన్నా, రెండు పారేశా, ఒకటి మా తమ్ముడి కారుకిచ్చా, ఒకటే నా దగ్గర మిగిలింది. మీరు ఆ మూడూ కొనకుండా నేరుగా నాలుగోది కొనుక్కోవాలని ఇదంతా రాస్తున్నా.

రెండు మూడు పాయింట్లకే ఇంత గొడవెందుకు అంటారేమో, కారుకైతే నిజంగానే అంత తెలీదు, నాలుగు చక్రాలుంటాయి కాబట్టి ఎలాగోలా సర్దుకుపోద్ది. బైక్‌కి రోడ్డుని తాకేది ముందో ముక్క వెనకో ముక్క, ఒక్కోటి మన అరచేయంత కూడా ఉండదు. పాతిక ఉండాల్సిన ముందు టైరులో 22 ఉంటే అది పన్నెండు శాతం తక్కువ, హ్యాండిల్ బరువెక్కుద్ది, మలుపులో బండి మొండికేస్తది, గుంతలో పడితే రిమ్ము సొట్ట పడే ఛాన్సూ ఎక్కువే. అదే గాలి ఎక్కువైతే టైరు నడిమధ్య మాత్రమే రోడ్డుకానుతుంది, మధ్యలోనే అరుగుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గిపోద్ది.

మొదట, మీ బండికి ఎంత కావాలో చూడండి

మీటరు కంటే ముందు మీకు కావాల్సిన నంబరు తెలియాలి, ఎందుకో కిందకెళ్తే అర్థమవుద్ది. చైన్ కవర్ మీదో, వెనక చక్రం పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మీదో చిన్న స్టిక్కర్ ఉంటుంది, లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ముందుకి ఒకటి, వెనక్కి ఒక్కరే ఉంటే ఒకటి, వెనక మనిషి కూర్చుంటే ఇంకోటి అని విడివిడిగా రాసుంటది. మామూలు 100, 150 సీసీ బళ్లకి చాలావరకు ముందు 25 దగ్గర్లో, వెనక 28 నుంచి 30 పైచిలుకు దాకా ఉంటుంది, కానీ నా మాట మీద కొట్టించుకోవద్దు, మీ స్టిక్కరే చూడండి.

చాలామంది చేసే తప్పొకటుంది, టైరు పక్కన అచ్చేసి ఉండే మ్యాక్స్ నంబరు చూసి అంత కొట్టించేస్తారు. అది టైరు మోయగలిగిన గరిష్ఠ బరువుకి ఉండాల్సిన గాలి, మీ బండికి కంపెనీ చెప్పింది కాదు.

కొన్ని పుస్తకాల్లో కిలోల్లోనో, బార్‌లోనో, కేపీఏలోనో ఇస్తారు. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో అంటే 14.2 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని, పైన నేను పాయింట్లన్నవి ఇవే), ఒక బార్ అంటే 14.5, వంద కేపీఏ అంటే ఒక బార్. షాపుల్లో నోటితో చెప్పుకునేది మాత్రం ఎప్పుడూ పీఎస్‌ఐయే, కాబట్టి ఆ స్కేలు పెద్ద అంకెల్లో ఉన్న మీటరే తీసుకోండి.

రెండోది, డయల్ మీద చివరి అంకె చూడండి

నన్నడిగితే మీటరు కొనడంలో సగం పని ఇదే, దీని గురించి షాపులో ఎవడూ చెప్పడు.

మీటరు డబ్బా మీద రెండు శాతం అక్యురసీ అని ఉందనుకోండి. మనం ఏమనుకుంటాం, 28కి రెండు శాతమంటే అరపాయింటు, సూపర్ అనుకుంటాం. కాదు. ముల్లు మీటర్లలో ఆ శాతం మీరు చూస్తున్న నంబరు మీద కాదు, డయల్ చివరున్న పెద్ద నంబరు మీద లెక్క. అంటే 60 దాకా ఉండే మీటరైతే రెండు శాతమంటే 1.2 పీఎస్‌ఐ అటూ ఇటూ, 100 దాకా ఉంటే 2 పీఎస్‌ఐ, ఆన్‌లైన్‌లో లారీకి కారుకి బైక్‌కి అన్నిటికీ ఒకటే అని అమ్మే 220 మీటరైతే 4.4. డబ్బా మీద రాసింది అన్నిటికీ అదే రెండు శాతం!

ఇంకో మెలిక కూడా ఉంది. అమెరికాలో ప్రెషర్ గేజ్‌లకి ఏఎస్‌ఎమ్‌ఈ బి40.100 అని ఒక స్టాండర్డ్ ఉంది, దాన్నే పాతపేరుతో ఆన్సీ బి40.1 అని కూడా రాస్తుంటారు, మంచి టైరు మీటర్ల డబ్బా మీద గ్రేడ్ బి అని కనిపించేది అందులోదే. గ్రేడ్ బి అంటే డయల్ మధ్య సగంలో రెండు శాతం, రెండు చివర్ల పావు భాగాల్లో మూడు శాతం తప్పు దాకా ఒప్పుకుంటారు. 60 మీటరులో మధ్య సగమంటే 15 నుంచి 45, మన బైక్ నంబర్లన్నీ హాయిగా అందులో పడతాయి. 160 మీటరులో మధ్య సగం 40 దగ్గర మొదలవుద్ది, మన 28 అంచుల్లో పడిపోద్ది, అప్పుడు మూడు శాతం లెక్కన 4.8 పీఎస్‌ఐ దాకా తప్పు చూపించినా ఆ మీటరు రూల్ ప్రకారం పాసైనట్టే. మీరు 28 అనుకుంటూ 33తో తిరుగుతుంటారు, కంపెనీ వాడిని ఏమనడానికీ లేదు.

అందుకే లెక్క చాలా ఈజీ, మీ టైరుకి కావాల్సిన నంబరుకి దాదాపు డబుల్ దగ్గర ఆగే డయల్ తీసుకోండి. బైక్‌కి 60 కరెక్టుగా సరిపోద్ది. అలాగని మరీ 30 దాకా ఉండేది తీసుకోకండి, అవి మట్టిదారుల్లో గాలి తగ్గించి నడిపేవాళ్ల కోసం చేసినవి, వెనక టైరుకి పెడితే ముల్లు చివరికెళ్లి గుద్దుకుంటుంది, రెండు మూడు సార్లు అలా అయితే లోపల స్ప్రింగ్ గొట్టం సాగిపోయి మీటరు పనికిరాకుండా పోద్ది.

డిజిటల్ వాటికీ ఇదే గోల, కాకపోతే అక్కడ మోసం ఇంకో రకంగా ఉంటది. స్క్రీన్ మీద 28.3 అని చుక్క పెట్టి మరీ చూపిస్తుంటే ఎంత కరెక్టో అనిపిస్తుంది కదా, కానీ చుక్క తర్వాత అంకె కనిపించడం వేరు, అది నిజమవ్వడం వేరు. 150 దాకా కొలిచే డిజిటల్ మీటరు ఫుల్ స్కేల్‌లో, అంటే 150లో, ఒక శాతం అని రాసుంటే 28.3 అంటే 26.8 నుంచి 29.8 మధ్య ఏదైనా కావచ్చని అర్థం. డబ్బా మీద పాయింట్ వన్ రెజల్యూషన్ అని పెద్దగా రాసి అక్యురసీ ఎక్కడా రాయకపోతే అది పక్కన పెట్టేయండి.

మూడోది, ఏ రకం

పెన్నులా ఉండేది వంద రెండొందల్లో వస్తది. లోపల చిన్న పిస్టన్, స్ప్రింగు, గాలి తోస్తే గీతలున్న కడ్డీ బయటికొస్తది, అంతే. జేబులో పడేసుకోవచ్చు, బ్యాటరీ గొడవ లేదు, కానీ దుమ్ము పడితే కడ్డీ ఇరుక్కుపోద్ది, గీతలు రెండేసి పాయింట్లకి ఒకటుంటది, చదవడం కష్టం. అర్జెంటుకి సీటు కింద ఉంచుకోండి తప్పితే దాన్ని నమ్మి సెట్ చేయొద్దు.

ముల్లు మీటరు నా ఓటు. లోపల వంకరగా వంచిన ఇత్తడి గొట్టముంటుంది, గాలి ఎక్కితే అది విచ్చుకోవాలని చూస్తది, ఆ కదలికని చిన్న పళ్ల చక్రాలతో ముల్లుకి అందిస్తారు. బోర్డాన్ గొట్టమంటారు దాన్ని, 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బోర్డాన్ పేటెంట్ తీసుకున్నాడు, స్టీమ్ ఇంజిన్ల కాలం నాటి ఐడియా ఇప్పటికీ మన బంకు దగ్గర పనిచేస్తోంది. దీని శత్రువు ఒకటే, కింద పడటం. అందుకే చుట్టూ మందపాటి రబ్బరు తొడుగు ఉన్నదే తీసుకోండి, డయల్ కనీసం రెండంగుళాలుండాలి, ఒక్కో పాయింటుకీ గీతుండాలి.

కొన్నిట్లో గ్లిజరిన్ నింపి అమ్ముతారు, నీళ్లలో ముల్లు తేలుతున్నట్టు చూడ్డానికి బానే ఉంటది, రేటూ ఎక్కువే. ఫ్యాక్టరీల్లో మోటార్ల అదురుకి ముల్లు వణక్కుండా ఉండటానికి వాడేది అది, ఆగి ఉన్న టైరు గాలి చూడ్డానికి మనకెందుకు? పైగా మూసేసిన డబ్బాలో ద్రవం వేడికి ఉబ్బితే రీడింగు కొంచెం తేడా వచ్చే ఛాన్స్ కూడా ఉంది.

డిజిటల్ చీకట్లో చదవడానికి బాగుంటది, కళ్లజోడు వాళ్లకి ఇంకా హాయి. తీసుకుంటే మాత్రం సీఆర్2032 లాంటి కిరాణా కొట్లో దొరికే బ్యాటరీ మనమే మార్చుకునేలా ఉండాలి. బ్యాటరీ డౌనయితే గమ్మున ఆగిపోయేవి మంచివి, ఏదో ఒక నంబరు చూపిస్తూ ఉండేవే డేంజరు. అమెరికాలో అన్నో బావో ఉంటే అక్యు-గేజ్ బ్రాండు 60 డయల్‌ది తెప్పించుకోవచ్చు, సింపుల్‌గా, ఏ హంగూ లేకుండా ఉంటది. ఇక్కడ దొరికేవాటిలో బ్రాండు పేరు కంటే పైన చెప్పిన 60 డయల్, గ్రేడ్ బి అనే రెండూ చూసుకుంటే చాలు.

నాలుగోది, వాల్వ్ మీద పెట్టే మూతి

నేను పారేసిన రెండిట్లో ఒకటి మీటరుగా మంచిదే, నా బండికి పెట్టడానికే కుదర్లేదు. కారు టైరు వాల్వ్ బయటికి ఎదురుగా ఉంటది, నేరుగా పెట్టేస్తాం. బైక్‌కి ఒక పక్క డిస్కు, ఇంకో పక్క చైన్ చక్రం, మధ్యలో పుల్లలో అల్లాయ్ కమ్మీలో, వాల్వేమో చక్రం మధ్యలోకి చూస్తుంటుంది. నేరు మూతి ఉన్న మీటరు వంకరగా ఆనుతుంది, పక్కనుంచి స్స్ అని గాలి పోతూనే ఉంటది, ఆ గాలి పోతున్నంతసేపూ మీటరు తక్కువే చూపిస్తది, మనమేమో గాలి తగ్గిందని ఇంకా కొట్టించేస్తాం.

కాబట్టి మూతి పక్కకి వంగి 90 డిగ్రీల్లో ఉండాలి, లేదా ఒక జానెడు మెత్తటి గొట్టం చివర మూతి ఉండాలి. గొట్టం మరీ మూరెడుంటే వద్దు, ఆ గొట్టం నిండటానికి కూడా మీ టైరు గాలే పోవాలి, బైక్ టైరులో ఉన్న గాలే కొంచెం. స్కూటర్ వాళ్లకైతే ఇంకా కష్టం, చిన్న చక్రం, చెయ్యి పట్టే సందుండదు, పక్కనే సైలెన్సర్ ఉంటది, వేడి మీద చేయి పెడితే కాలుద్ది, అక్కడ గొట్టమున్నదే తీసుకోండి. స్క్రూలా తిప్పి బిగించే మూతి గాలి పోకుండా పడతది కానీ తీసేటప్పుడు కాస్త స్స్ అంటుంది, నొక్కి పట్టే మూతి చెయ్యి నిలకడగా ఉంటే అన్నిటికంటే ఫాస్టు.

ఇంకొకటి తప్పకుండా చూడాల్సింది, గాలి వదిలే చిన్న బటన్. దానితో పని చాలా సుఖం, షాపులో రెండు మూడు పాయింట్లు ఎక్కువే కొట్టించుకుని ఇంటికొచ్చి, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు మీటరు పెట్టి బటన్ నొక్కుతూ కరెక్టు నంబరుకి దించుకోవచ్చు. ఈ పద్ధతికి అలవాటు పడితే షాపు మీటరు తప్పు చూపించినా మనకి బాధ లేదు. ముల్లుని ఆపి ఉంచే సౌకర్యం కూడా ఉంటే, మూతి తీశాక కూడా నంబరు అక్కడే ఉంటది, కిందికి వంగి చదవక్కర్లేదు.

ఐదోది, కొన్నాక పరీక్ష పెట్టండి

రిటర్న్ గడువు అయిపోకముందే చేయండి ఇది. ముందు ముల్లు జీరో మీద ఉందో చూడండి. కొన్నిట్లో జీరో దగ్గర చిన్న పిన్ను ఉంటది, ముల్లు దానికి ఆనుకుని ఆగుద్ది, అలాంటి మీటరులో ముల్లు జీరోకి కిందకి జారిపోయినా పిన్ను దాచేస్తుంది, మనకి తెలీదు. పిన్ను లేకుండా ముల్లు దానంతటది జీరో మీద నిలబడేది దొరికితే అదే తీసుకోండి.

తర్వాత రాత్రంతా ఆగిన టైరుకి వరసగా ఐదుసార్లు పెట్టండి. 28, 28, 27 ముప్పావు, 27 ముప్పావు, 27న్నర ఇలా మెల్లగా దిగుతూ వస్తే అది మీటరు తప్పు కాదు, పెట్టిన ప్రతిసారీ కాస్త గాలి పోతోంది, అంతే. 28, 26, 29, 27 అని ఎగిరిపడితే మాత్రం వెనక్కి పంపేయండి. ఎప్పుడూ ఒకేలా చూపించే మీటరు రెండు పాయింట్లు తప్పున్నా పరవాలేదు, ఎంత తప్పో తెలిస్తే తీసేసుకోవచ్చు, ఒక్కోసారి ఒక్కోలా చూపించేదాన్ని ఏం చేసుకుంటాం?

ఆ తప్పెంతో తెలియాలంటే ఇంకో మీటరుతో పోల్చాలి, రెండిటితో పోలిస్తే ఏది కరెక్టో తేలదు, మూడైనా ఉండాలి. ఆదివారం పొద్దున నలుగురు ఫ్రెండ్స్ మీటర్లు పట్టుకొస్తే ఒకే టైరుకి అన్నీ పెట్టి రాసుకోవచ్చు, 25 దగ్గర ఒకసారి, 35 దగ్గర ఇంకోసారి. మూడు 28 చుట్టూ ఉండి ఒకటి 32 అంటే దొంగ ఎవరో తెలిసిపోద్ది. ఇంకా పిచ్చి ముదిరితే బాలానగర్, జీడిమెట్ల వైపు క్యాలిబ్రేషన్ ల్యాబులున్నాయి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల్ని పరీక్షించి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నదాంట్లో తూకం రాళ్లతో ప్రెషర్ పుట్టించే మెషీన్ మీద పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు, ఒక్కోసారి మీటరు రేటు కంటే ఆ ఫీజే ఎక్కువుంటది, గ్రూపుగా ఒక మీటరు టెస్ట్ చేయించి మిగతావి దానితో పోల్చుకోవడం తెలివైన పని.

తప్పెంతో తేలాక ఒక తెల్ల టేపు ముక్క మీద ఒకటి తక్కువ అనో రెండు ఎక్కువ అనో రాసి మీటరు వెనక అంటించండి. నాది ఒకటి ఎక్కువ చూపిస్తది, 29 వస్తే 28 అనుకుంటా.

పెట్టే పద్ధతి, ఎండా చలీ ఘాటూ

బండి మూడు గంటలైనా ఆగి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకి మించి నడవకూడదు, స్టిక్కర్ మీదున్న నంబరు అలాంటి చల్లటి టైరుకే. ఎండలో పెట్టిన బండికి ఎండ పడే వైపు టైరు వేడెక్కుద్ది, నీడలో చూడండి. క్యాప్ తీశాక వాల్వ్‌లో మట్టి ఉంటే ఊదండి, పిన్ను మీద మట్టి ఇరుక్కుంటే తర్వాత గాలి మెల్లగా లీకవుద్ది. చక్రం తిప్పి వాల్వ్ చేతికందే చోటికి తెచ్చుకుని ఒక్కసారే నిటారుగా గట్టిగా నొక్కండి, స్స్ ఆగాక వచ్చిందే రీడింగు. డయల్‌ని ఎదురుగా చూసి చదవండి, పక్కనుంచి చూస్తే ఒక పాయింటు అటో ఇటో కనిపిస్తది.

దూరం వచ్చాక బంకులో చూస్తే రెండు నుంచి నాలుగు దాకా ఎక్కువ చూపించడం మామూలే, ఎక్కువైందని వేడి టైరులో గాలి తీసేయకండి, రాత్రికి చల్లారాక తక్కువైపోద్ది.

చలికాలం సంగతి మర్చిపోతుంటాం. పది డిగ్రీలు తగ్గితే బైక్ టైరులో దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుద్ది. హైదరాబాద్‌లో మే నెల తెల్లారుజామున 28 డిగ్రీలప్పుడు 28 పెట్టి వదిలేస్తే, డిసెంబర్‌లో 13 డిగ్రీల చలికి టైరు ఏ లీకూ లేకుండానే 26కి వచ్చేస్తుంది. నైట్రోజన్ కొట్టించాను కదా అంటారు కొందరు, వేడికి చలికి అది కూడా గాలిలాగే పెరుగుద్ది తగ్గుద్ది, కాకపోతే రబ్బరులోంచి కొంచెం మెల్లగా పోతది.

ఎత్తుకెళ్తే ఇంకో తమాషా ఉంది. మీటరు చూపించేది టైరు లోపలి గాలికి బయటి గాలికి మధ్య తేడా, పైకెళ్లే కొద్దీ బయటి గాలి పలచనవుద్ది కాబట్టి మీటరు ఎక్కువ చూపిస్తది. వైజాగ్ నుంచి లంబసింగి దాకా వెయ్యి మీటర్లు ఎక్కితే ఒకటిన్నర పైచిలుకు పెరగాలి, కానీ అక్కడి తెల్లారుజాము చలికి దాదాపు మూడు పడిపోద్ది, రెండూ కలిస్తే ఒక పాయింటు తగ్గినట్టు కనిపిస్తది, మీటరు పాడయ్యిందేమో అని కంగారు పడొద్దు. లేహ్ లాంటి 3500 మీటర్ల చోటికైతే ఎత్తు ఒక్కదానికే మన హైదరాబాద్ కంటే నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తది, అక్కడ ఒక రాత్రి బండి ఆపి పొద్దున చూసి సెట్ చేసుకోండి.

వాల్వ్ క్యాప్ బదులు బిగించే టీపీఎంఎస్ సెన్సార్ల (టైరులో గాలి ఎంతుందో ఎప్పటికప్పుడు చెప్పేవి) గురించి అందరూ అడుగుతారు. దారిలో పంచరయ్యి గాలి పోతుంటే చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి, సెట్ చేసుకోవడానికి కాదు. ఆ సెన్సార్ వాల్వ్ పిన్నుని ఎప్పుడూ నొక్కే ఉంచుద్ది, దాని రబ్బరు వాషర్ పోయిందంటే మీ టైరు గాలి దాంట్లోంచే పోతుంది, నెలకోసారి సబ్బు నీళ్లు రాసి చూసుకోండి. చిన్న కరెంటు పంపుల మీద కనిపించే నంబరు కూడా అంతే, గాలి కొట్టేటప్పుడు చూపించింది ఒకటి, ఆపాక మన మీటరుతో చూస్తే ఇంకోటి.

ఇక దాన్ని దాచే చోటు. స్పానర్లు, ప్లయర్ ఉన్న టూల్ కిట్‌లో వేస్తే ప్రతి గతుక్కీ దెబ్బలు తింటది, పాత సాక్సులో చుట్టి బ్యాగు పై అరలో పెట్టండి. ఒక్కసారి గట్టిగా కింద పడిందా, జీరో కరెక్టుగానే కనిపించినా సరే, ఇంకో మీటరుతో మళ్లీ పోల్చేదాకా దాన్ని నమ్మొద్దు. నాది పోయిన నెల మెట్ల మీంచి దొర్లింది, వెనకున్న టేపు మీద ఇప్పుడు ఒకటి కాదు, ఒకటిన్నర అని రాసుంది.